పరుపు మూతిలో పత్తి గింజ

దయ్యాలు ఉన్నాయని నమ్మి ఉంటే నేను ఆకలితో చచ్చిపోయేదాన్ని. మాది దూదేకుల ఇల్లు. ఊరూరూ తిరిగి దూది ఏకి పరుపులు కుట్టడం మా బతుకు. కొత్త పరుపులకన్నా పాతవే ఎక్కువ వచ్చేవి. ముసలివాళ్లు ప్రాణం విడిచిన పరుపులు, పురిట్లో పోయినవాళ్ల పరుపులు తెచ్చి మా ముందు పడేసేవాళ్లు. వాటిని విప్పి, దూదిని ఎండలో ఆరబోసి, ఏకి, మధ్యాహ్నం పని ఆపినప్పుడు ఆ కుప్ప మీదే తల పెట్టి నిద్రపోయేవాళ్లం. దయ్యమంటూ ఉంటే ముందు మమ్మల్నే పట్టాలి. మా వంశంలో ఎవరినీ పట్టలేదు.

అందుకని దీన్ని దయ్యం కథగా రాయడం లేదు. ఏమని రాయాలో కూడా నాకు తెలియదు. ఇన్నేళ్లూ ఈ సంగతిని వేరేవాళ్లే చెప్పుకున్నారు. ఒకరు అడవిలో మోహిని అన్నారు. ఒకరు చేతబడి అన్నారు. ఇంకొకరు మా ఆయన వేరే ఆడదాన్ని చూసుకున్నాడని తేల్చేశారు. తల నెరిసిన తర్వాత, మా వీధిలో పెద్దవాళ్లకు చదువు చెప్పేవాళ్లు వస్తే వాళ్ల దగ్గర కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. జరిగింది జరిగినట్టు నా చేత్తో ఒకసారి రాసిపెట్టాలని ఇప్పుడు పలక పక్కన పెట్టి కాగితం పట్టుకున్నాను.

అప్పుడు మేము జమ్మలమడుగులో ఉండేవాళ్లం. కర్నూలు మన రాజధానిగా ఉన్న రోజులు. మా ఆయన పేరు దస్తగిరి. పెళ్లిళ్ల కాలం వస్తే దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊళ్లు పట్టుకుని పోయేవాడు. వెనకే నేనూ పోయేదాన్ని.

నేనెందుకు పోవాలో చెప్పాలి. మాలో ఒక పద్ధతి ఉంది. మగవాడు దూది ఏకుతాడు, పరుపులో నింపుతాడు, దబ్బనంతో మధ్య కుట్లు వేస్తాడు. కానీ దూది నింపిన మూతిని మాత్రం మగవాడు మూయకూడదు. దాన్ని కుట్టేది ఆడదే. భార్య వెంట లేకపోతే మూతి అట్లాగే వదిలేసి, మీరే కుట్టుకోండి అని ఆ ఇంటి ఆడవాళ్లకు చెప్పి వచ్చేస్తాడు.

నా కుట్టు ఎక్కడున్నా నేను గుర్తుపడతాను. చిన్నప్పుడు తిరగలి రాయి పడి నా కుడి చూపుడు వేలు వంకరపోయింది. అందువల్ల నా కుట్టు ఎడమకు వాలుతుంది. దారం చివర బయట ముడి వేయను. వెనక్కి తిప్పి లోపలికి దాచేస్తాను. అది మా అమ్మ నేర్పిన తీరు.

మా అమ్మ నేర్పింది ఇంకొకటి ఉంది. మూతి మూసేముందు ఎడమ మూలలో పత్తి గింజ పెట్టేది. తను కన్న ఒక్కో బిడ్డకు ఒక్కో గింజ. మా అమ్మ పరుపుల్లో అయిదు ఉండేవి, నలుగురు మగపిల్లలకు నాలుగు, నాకొకటి. ఎవరికీ చెప్పేది కాదు. చెబితే, గింజ గుచ్చుకుంటోందని తెల్లారేసరికి పరుపు వెనక్కి తెస్తారని నవ్వేది. పెళ్లయిన చాలా ఏళ్ల వరకు నాకు పిల్లలు లేరు కాబట్టి నేను గింజ పెట్టలేదు. కడుపు నిలిచి, బిడ్డ కదలడం తెలిసిన తర్వాత మొదటిసారి ఒకటి పెట్టాను. ఈ గింజ సంగతి మా ఆయనకు కూడా తెలియదు.

ఆ ఏడు పెళ్లిళ్లకు ఆయన ఒక్కడే వెళ్లాడు. నాకు ఏడో నెల. ఎండలో తిరగొద్దని మా అత్త పోనివ్వలేదు. మైదుకూరు దాటి కొండల వైపు ఉన్న ఊళ్లు చూసుకుని, నేను కాన్పై నీళ్లాడే లోపల వస్తానని చెప్పాడు.

ఆయన వెళ్లిన కొన్నాళ్లకు నాకు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గలేదు. అమావాస్య నాడు బిడ్డ కడుపులోనే పోయి పుట్టాడు. జమ్మలమడుగు ఆస్పత్రిలో మంచం మీద చాలా రోజులు పడి ఉన్నాను. లేచి కూర్చోవడానికి కూడా ఇద్దరు పట్టుకోవలసి వచ్చేది. నేను కట్టుకున్న పచ్చంచు చీర చించి, అందులోనే చుట్టి బిడ్డను పూడ్పించానని మా అత్త తర్వాత చెప్పింది. ఈ మాట ఎందుకు రాస్తున్నానో ముందుకు చదివితే తెలుస్తుంది.

ఆయనకు కబురు పంపాం. అందలేదు. పెళ్లిళ్ల కాలం అయిపోయింది. తోటివాళ్లందరూ ఇళ్లు చేరారు. ఆయన రాలేదు. నా ఒంట్లోకి కాస్త సత్తువ రాగానే మా మరిది హుసేనును వెంటపెట్టుకుని వెతకడానికి బయలుదేరాను. బతికి ఉంటే బిడ్డ పోయిన సంగతి నా నోటితో చెప్పాలి. లేకపోతే మట్టి ఎక్కడ వేశారో చూడాలి. అంతకు మించి నేను అడిగింది లేదు.

ప్రొద్దుటూరు మీదుగా మైదుకూరు దాకా బస్సు. అక్కడి నుంచి ఊరూరూ అడుగుతూ పోయాం. ఫలానా దూదేకులాయన ఆ ఊరికి పోయినాడని చెప్పేవాళ్లు దొరుకుతూ వచ్చారు. చివరికి ఒక ఊరు చేరాం. దాని పేరు రాయను. నాకు అన్నం పెట్టిన ఊరు. నా రాతవల్ల దానికి చెడ్డపేరు రాకూడదు.

పాతకాలం ఊరు. సగం కూలిన కోటగోడ, దాని లోపల ఇళ్లు. చుట్టూ చెరువులే. ఎప్పుడో రాజులు తవ్వించినవట. ఒకటి నిండితే నీళ్లు ఇంకొకదానిలోకి పోతాయి. తూముల దగ్గర రాళ్ల మీద అక్షరాలు ఉన్నాయి. అప్పుడు నాకవి కోడి గీకిన గీతలు. చెరువుల వెనక నల్లగా అడవి, అడవి వెనక కొండలు. పెన్నలో ఇసుక తప్ప చూడనిదాన్ని, అన్ని నీళ్లు ఒకచోట చూసి నిలబడిపోయాను. ఇట్లాంటి ఊళ్లో మనిషికి ఏం కీడు జరుగుతుందిలే అనిపించింది.

కోట వాకిట్లో వక్కాకు అంగడి ఉంది. మా మరిది నోరు తెరవకముందే అంగడాయన నన్ను చూసి కేకేశాడు.

"ఏమ్మా, మీ ఆయప్ప యాడ? మా బొంతలు ఏకుతామని చెప్పి అట్లనే పోతిరే ఇద్దరూ!"

మా మరిది నా వైపు చూశాడు. "వదినా, ముందెప్పుడన్నా ఈ ఊరికి వచ్చింటివా?" అని మెల్లగా అడిగాడు.

"ఈ దావే ఎరగను హుసేనూ" అన్నాను.

ఎవరినో చూసి నేననుకున్నాడులే అనుకున్నాం. మా ఆయన ఎవరింట్లో పనిచేశాడని అడిగితే ఓబులమ్మ అనే పెద్ద రైతు ఇల్లాలి ఇల్లు చూపించాడు. దావలో ఇద్దరు ఆడవాళ్లు నన్ను చూసి నవ్వి తలూపారు. వాళ్లెవరో నాకు తెలియదు.

ఓబులమ్మ వసారాలో కూర్చుని కందులు చెరుగుతోంది. నన్ను చూడగానే చేట కింద పెట్టింది.

"వచ్చినావామే? రా, నీడకు రా. అరే, కడుపు దిగిందే! ఆడా, మగా? బిడ్డను యాడ ఇడిసిపెట్టి వచ్చినావు?"

స్తంభం పట్టుకున్నాను. నేను సిగ్గుపడుతున్నానని ఆమె అనుకుంది.

"పాలు తాగే బిడ్డను ఇంట్లో పెట్టి ఊర్లు తిరుగుతారామే ఎవురన్నా? మీ ఆయనకూ బుద్ధి లేదు, నీకూ లేదు. ఆ పొద్దే చెప్పినా, నిండు మనిషిని అడివి దావన తీస్కపోవద్దప్పా అని. ఇంటేనా?"

మా మరిది ముందుకు వచ్చాడు. "పెద్దమ్మా, ఈమె మా వదిన. ఈ ఊరికి ఇదే రావడం. మా అన్న ఇంటికి రాలేదని ఎతుక్కుంటా వచ్చినాం."

ఓబులమ్మ నవ్వింది. "నాకేం కండ్లు పోయినాయా నాయనా? నా కొడుకు పెండ్లి పరుపు కుట్టిన మనిషిని మర్సిపోతానా? ఈ అరుగు మీదనే కూర్చోని కుట్టె. సంగటి పెడితే ఊరుబిండి పచ్చడి శానా బాగుందని రెండోతూరి పెట్టించుకొనె."

ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. మా ఆయన ముందు ఒక్కడే వచ్చాడు. భార్యకు నెలలు నిండుతున్నాయి, అందుకే తేలేదని చెప్పాడు. పరుపు నింపి, మూతి మీరు కుట్టుకోండమ్మా అని దబ్బనం ఓబులమ్మ చేతికి ఇవ్వబోతున్నాడు. ఎండ మండిపోతున్న వేళ. చెరువు కట్ట మీద నుంచి ఒక ఆడమనిషి నడుచుకుంటూ వచ్చింది. ఆయన లేచి నిలబడి, "ఏమే, ఇంత ఎండలో ఎట్ల వచ్చినావే? ఎవురు తోడొచ్చినారు?" అని కోప్పడ్డాడు. ఆమె బదులు చెప్పకుండా నవ్వి, కూర్చుని, ఆయన చేతిలోని దబ్బనం తీసుకుంది.

తర్వాత ఇద్దరూ ఈ ఇంట్లోనే తిన్నారు. కొండ అవతల ఊళ్లో ఇంకా పరుపులున్నాయట, పోదాం అని ఆమే అన్నది. ఆయన విల్లు భుజాన వేసుకుని ఆమె వెనకే వెళ్లాడు. ఎప్పుడూ ముందు ఆయన, వెనక నేను నడిచేవాళ్లం.

అది ఏ రోజు అని అడిగాను. అమావాస్య పోయిన మరుసటి రోజు అని చెప్పింది. నా బిడ్డ పోయిన అమావాస్యే అది. ఏ చీర కట్టుకున్నానని అడిగాను. నాకు మతి చలించిందేమో అన్నట్టు చూసి, "పచ్చంచు కోక. బాగుండాదని నేను పట్టుకొని చూస్తిని గదా!" అన్నది.

మా మరిది వసారా దిగి వాకిట్లోకి వెళ్లి నిలబడ్డాడు.

పరుపు చూపించమని అడిగాను. కొడుకూ కోడలూ వాడుతున్న పరుపు. మంచం మీద నుంచి ఎత్తి చూపించింది. కుట్టు ఎడమకు వాలి ఉంది. చివర ముడి లేదు, దారం లోపలికి తిప్పి ఉంది. ఎడమ మూల వేళ్లతో ఒత్తి చూశాను. గుడ్డ కింద గింజ తగిలింది. ఒక్కటి.

మూతి విప్పి చూస్తానని బతిమాలాను. ఓబులమ్మ ముఖం మారిపోయింది. కొత్త దంపతుల పరుపు విప్పనియ్యనని గట్టిగా చెప్పింది. ఆమెను నేనేమీ అనలేను. మా ఇంట్లో అయినా విప్పనివ్వం.

మరుసటి రోజు పొద్దున ఊరివాళ్లు కొందరు మాతో వచ్చారు. చెరువు కట్ట దిగి అడవి దావ పట్టాం. దావ పక్క ముళ్లకంపల మీద అక్కడక్కడా తెల్లటి దూది పింజలు చిక్కుకుని ఉన్నాయి. ఏకే విల్లుకు ఎప్పుడూ దూది అంటుకుని ఉంటుంది. కంప తగిలితే రాలుతుంది. ఎండకూ గాలికీ మట్టికొట్టుకుపోయి ఉన్నా అది మా దూదే. ఆ పింజలు చూసుకుంటూ పోతే అడవి లోపల ఇంకొక చెరువు వచ్చింది. ఎవరూ వాడని పాత చెరువు. గట్టు నిండా తుమ్మచెట్లు. ఆ గట్టు దాకా పింజలు ఉన్నాయి. అవతల లేవు.

చేపలు పట్టేవాళ్లను పిలిపించారు. వాళ్లు నీళ్లలో దిగి, వలలు లాగి, చెరువంతా కలియబెట్టారు. ఏమీ దొరకలేదు. చచ్చినవాడు పైకి తేలకుండా ఉండడమ్మా, ఈ నీళ్లలో ఎవరూ లేరు అని చెప్పారు. విల్లు చెక్కది. అదైనా తేలాలి కదా. కొండ అవతల ఊరికి మా మరిది పోయి వచ్చాడు. దూదేకేవాళ్లు ఎవరూ ఆ ఊరికి రాలేదట.

పోలీసు ఠాణాకు పోయాం. అక్కడున్న హెడ్డు చెడ్డవాడు కాదు. కూర్చోమని నీళ్లిప్పించి అంతా విన్నాడు. అప్పటికే ఊరివాళ్లు తాము చూసింది ఆయనకు చెప్పి ఉన్నారు.

"పెండ్లాంతో పోయిన మగోన్ని తప్పిపోయినాడని ఎట్ల రాసుకోవాలమ్మా?"

"ఆ పెండ్లాన్ని నేనే సామీ. నేను ఈడ ఉండా."

"అట్లయితే నువ్వే పిలుచుకొని పోయినావు. యాడ పెట్టినావో నువ్వే చెప్పాల."

ఆయన వెటకారం చేయలేదు. ఆస్పత్రి మాట చెప్పాను, మా అత్త మాట చెప్పాను. తల గోక్కుని, ఇంటికి పో తల్లీ, వస్తాడులే అన్నాడు.

తిరుగు ప్రయాణంలో మా మరిది నా పక్కన కూర్చోలేదు. బస్సులో ముందుకు పోయి నిలబడ్డాడు. నేను ఆస్పత్రిలో ఉన్నప్పుడు రోజూ గంజి తెచ్చినవాడు అతనే. నేను ఎక్కడున్నానో అతనికన్నా ఎక్కువ తెలిసినవాళ్లు లేరు. అయినా ఆ రోజు నుంచి నా చేతి నీళ్లు తాగేటప్పుడు ఒకసారి నా ముఖం చూసి తాగేవాడు. అతనిని తప్పుపట్టను. అద్దంలో నేనూ అట్లాగే చూసుకున్నాను.

మా పెద్దలు కూడి మాట్లాడారు. చనిపోయాడని చెప్పి ఫాతేహా చదివించడానికి లేదు. చూసినవాళ్లందరూ నవ్వుతూ పోయాడనే చెబుతున్నారు. పెళ్లాన్ని వదిలేశాడని తేల్చడానికీ లేదు. పెళ్లాంతోనే పోయాడు. నల్లపూసలు తీయాలా వద్దా అని నేను అడిగాను. పెద్దాయన ఒకరు "ఉండనీమ్మా" అన్నాడు. ఉండనిచ్చాను.

మా అత్త కొడుకు కోసం ఎదురుచూస్తూనే పోయింది. ఆ తర్వాత నేను ప్రొద్దుటూరుకు మారాను. దూది ఏకడానికి మనిషిని పెట్టుకుని, మూతులు కుట్టుకుంటూ బతికాను. గింజ పెట్టడం మాత్రం మానేశాను. పెట్టడానికి నాకు బిడ్డ లేడు. మా అమ్మ పోయింది. ఆ తీరున గింజ పెట్టేవాళ్లు ఈ భూమ్మీద ఇంకెవరూ లేరు.

హైదరాబాదు రాజధాని అయి కొన్నేళ్లు గడిచాయి. ఒక రోజు పొద్దున పులివెందుల దగ్గర లింగాల నుంచి ఒక రైతు బండి మీద పాత పరుపు తెచ్చాడు. దూది గట్టిపడింది, మళ్లీ ఏకివ్వమన్నాడు. విప్పడానికి పరుపు తిప్పాను. కుట్టు ఎడమకు వాలి ఉంది.

ఆ పరుపు నేను కుట్టలేదు. లింగాలకు నేనెప్పుడూ పోలేదు. గుడ్డ కూడా ఓబులమ్మ పరుపు గుడ్డ కాదు. ఎక్కడిదని రైతును అడిగాను. ఎవరో ఊరు విడిచిపోతూ సంతలో అమ్ముతుంటే తీసుకున్నాడట. ఎవరు కుట్టారో తెలియదు. ఎన్ని విధాల అడిగినా అంతే.

"ఏందిమ్మా, పోలీసోల్ల మాదిరి అడుగుతాండావు? దొంగ పరుపేం కాదులే" అని నవ్వాడు.

ఆయన టీ తాగడానికి పోయినప్పుడు మూతి విప్పాను. ఈసారి వద్దనేవాళ్లు లేరు. ఎడమ మూలలో చేయి పెట్టాను. గింజలు ఉన్నాయి.

ఒకటి కాదు. మూడు.

అరచేతిలో పెట్టుకుని చూశాను. చేతబడి అన్నవాళ్లూ మోహిని అన్నవాళ్లూ ఈ గింజలు చూడలేదు. మొదటిది ఎవరిదో నాకు తెలుసు. మిగతా రెండు ఎవరివో, ఆడో మగో, వాళ్లకు ఏం పేర్లు పెట్టారో తెలియదు. ఆయన బిడ్డల్ని ఎత్తుకుంటే ఎట్లా ఉంటాడో ఊహించుకోవడానికి ప్రయత్నించాను. ముఖం సరిగా గుర్తుకు రాలేదు.

సాయంత్రానికి దూది ఏకడం అయింది. పరుపు నింపించాను. ఆ మూడు గింజలూ తీసిన చోటే పెట్టాను. అవి నావి కావు. మూతి కుట్టేశాను.

రైతు వచ్చి, పరుపు తిప్పి తిప్పి చూశాడు. కుట్టు మీద వేలు పెట్టి గీశాడు.

"మూతి ఇప్పనే లేదేమ్మా? పాత కుట్టు అట్లనే ఉండాదే! లోపల దూది ఏకినారా, లేదా?"

విప్పాననీ, మళ్లీ కుట్టాననీ చెప్పాను. ఆయన నమ్మలేదు. పక్కన కూర్చున్న దూదేకే మనిషి సాక్ష్యం చెప్పిన తర్వాత గాని పరుపు బండెక్కించలేదు.

ఇది జరిగి చాలా కాలమైంది. నల్లపూసలు ఇప్పటికీ మెడలోనే ఉన్నాయి. పాత పరుపు ఏది వచ్చినా ముందు ఎడమ మూల ఒత్తి చూస్తాను. మళ్లీ ఎప్పుడూ ఏమీ తగల్లేదు. కట్ట మీద నడిచి వచ్చింది ఎవరో నేను చెప్పలేను. నేను కాదని మాత్రం ఇన్నాళ్లూ చెబుతూ వచ్చాను. పరుపు తెచ్చిన ఆ రైతు లాగే ఎవరూ నమ్మలేదు. విప్పకముందు చూసిన ఆ కుట్టునూ మళ్లీ నేను వేసిన కుట్టునూ పోల్చుకుంటే, రెంటికీ తేడా నాకూ కనపడలేదు.